మూడు తలకట్లు

బాపట్ల,
14 జులై 2025

పున్నారావు అన్నయ్య గారికి,

కృపారాణి వందనాలు. నేను బాగానే ఉన్నాను. మొన్న మీకు ఫోను చేస్తే వదిన ఎత్తి, "ఆయనకి రెండు చెవులూ పూర్తిగా పోయాయమ్మా, ఏదన్నా ఉంటే కాగితం మీద రాయి" అంది. అందుకని ఈ ఉత్తరం. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్న అమ్మాయి నన్ను పైకీ కిందకీ చూసింది.

నేను వంట చేసే ఆడపిల్లల హాస్టల్లో రేపల్లె పిల్ల ఒకతి ఉంది. వాళ్ళ ఊళ్ళో బస్టాండు ఎదురుగా ఉన్న ధాన్యం గోడౌను గోడకి, అరవై అడుగుల పొడవునా బొమ్మ వేస్తున్నారని చెప్పింది. వెనక కాలనీ వాళ్ళంతా కలిసి వేస్తారట. వాళ్ళకి గీతలు నేర్పడానికి తెనాలి నుంచి పాతకాలం పెయింటర్ ఒకాయన వస్తున్నారని, ఆయనకి చెవులు వినపడవని కూడా చెప్పింది. మీరేనని అర్థమైంది.

ఆ గోడ పైభాగాన నీలం మీద తెల్లటి అక్షరాల వరుస ఒకటి ఉంది. "ఈ గోడ మీద నోటీసులు అంటించరాదు." అది రాసి దిగుతూనే గదా మా ఆయన జారిపడి పోయాడు. దేవసహాయం చేతిరాతల్లో మిగిలింది అదొక్కటే. సినిమా హాలు గోడ పడగొట్టారు. ఎరువుల కొట్టుకి ఫ్లెక్సీ కట్టారు. చర్చి బోర్డు మార్చేశారు.

ఏటా మార్చి తొమ్మిదిన పిట్టలవానిపాలెం మీదుగా వెళ్ళే బస్సెక్కి రేపల్లె వెళ్తాను. బస్టాండు బల్ల మీద అరగంట కూర్చుని ఆ వరుస చూస్తాను. తిరుగు బస్సులో సాయంత్రం అన్నం వార్చే వేళకి వచ్చేస్తాను. అక్కడ ఏడవను. ఆయన పోయాక నాకు దేనికీ పెద్దగా ఏమీ అనిపించడం లేదు అన్నయ్య గారూ. కూరలో ఉప్పు ఎక్కువైతే పిల్లలు చెప్పాల్సిందే. ఆ గోడ ముందు మాత్రం కాస్త ఏదో కదిలినట్టు ఉంటుంది.

ఆ వరుస మీద రంగు పడకుండా చూడండి. ఈ పదకొండేళ్ళలో మిమ్మల్ని నేనేమీ అడగలేదు.

ఇట్లు,
కృపారాణి


తెనాలి,
23 జులై 2025

చెల్లెమ్మ కృపారాణికి,

పున్నారావు దీవెనలు. మీ వదిన చెప్పింది నిజమే. ఇప్పుడు నా పక్కన టపాకాయ పేల్చినా పిల్లి నడిచినట్టే ఉంటుంది. ఇంట్లో గొడవలు తగ్గాయి, ఆ మేరకు లాభమే.

పదేళ్ళుగా మా అల్లుడి ఫ్లెక్సీ కొట్లో కూర్చుని, అచ్చయిన బ్యానర్లు చుట్టలు చుడుతున్నాను. మన పొట్ట కొట్టిన మిషనుకి నేనే కాపలా. అలాంటిది మే నెలలో బిందుమాధవి అనే అమ్మాయి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. బొమ్మల కాలేజీలో చదువుకుంది. ఊళ్ళల్లో జనాన్ని కూడగట్టి పెద్ద పెద్ద గోడలకి బొమ్మలు వేయిస్తుంది. చిన్న బొమ్మని గళ్ళు గీసి గోడంత చేసే పద్ధతి కాలనీ వాళ్ళకి నేర్పాలంది. నీలిమందు అద్దిన దారం లాగి గోడకి కొడితే గీత పడుతుంది చూడు, ఆడవాళ్ళందరూ అది చూసి మంత్రం వేసినట్టు నోళ్ళు తెరిచారు. నాకు కొంచెం గర్వంగానే ఉంది.

ముందు ఆ అమ్మాయి కాలనీ వాళ్ళ మొహాలు పెద్దగా వేద్దామంది. ఆడవాళ్ళు ఒప్పుకోలేదు. "మా మొహాలు రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాం, వరిచేను వెయ్యండి, ఎండాకాలం చల్లగా ఉంటుంది" అన్నారు. కింద నాట్లు, పైన ఆకాశం. ఎవరి గడి వాళ్ళు నింపుతారు.

నువ్వడిగిన వరుస సంగతి. ఆ గోడ చెమ్మెక్కింది తల్లీ. పైన గచ్చు బోలుగా ఉంది, తడితే డొల్లగా తగులుతోంది. రేపో మాపో రాలిపోయేదే. గోడ మీద రాసేవాళ్ళం, మా రాతకి ఆయుష్షు ఎంతని. మంచి ఫోటో తీయించి అద్దం కట్టించి పంపుతాను, గోడకి తగిలించుకో.

దేవసహాయం, నేనూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నాం. మా ఇద్దరి రాతలో తేడా ఆయనకే తెలిసేది కాదు, తలకట్ల దగ్గర తప్ప. వాడు ముందు వరుస పొడుగునా తలకట్లు పెట్టుకుంటూ పోయేవాడు, నేను వెనక అక్షరాల ఒళ్ళు నింపేవాణ్ణి. వాడి తలకట్టు ఒక్క విసురులో పడేది. నాకు ఏనాడూ రాలేదు.

ఆరోగ్యం చూసుకో.

పున్నారావు


బాపట్ల,
2 ఆగస్టు 2025

అన్నయ్య గారికి,

ఫోటో వద్దు. ఫోటో నా ఫోన్లో ఉంది. అందులో అంతా నా వేలంత ఉంటుంది. గోడ మీద ఒక్కో అక్షరం నా అంత ఉంటుంది.

డొల్లగా ఉంటే రాలేదాకా ఉండనివ్వండి. దానంతట అది రాలితే నాకేం బాధ లేదు. మనుషులు పూసేస్తే మాత్రం ఉంది.

మీరు తలకట్ల సంగతి రాశారు గనక చెబుతున్నాను. ఆ వరుసలో తలకట్లు ఐదే. నేను లెక్కపెట్టాను, అక్కడ చేసే పని ఇంకేముంది. మొదటి మూడూ ఒకేలా ఉంటాయి. నాలుగోది, 'చ' మీదది, కొంచెం వంకర. గీత మధ్యలో వణికినట్టు ఉంటుంది. పోతానని ఆయనకి అప్పుడే తెలిసిందేమో అనుకుంటాను. నేను ఎక్కువసేపు చూసేది ఆ నాలుగోదాన్నే.

మీరు చెబితే ఆ అమ్మాయి వింటుంది. చెప్పండి.

కృపారాణి


రేపల్లె,
21 ఆగస్టు 2025

చెల్లెమ్మకి,

ఇక్కడే కాలనీలో ఒకరింట్లో ఉండి పని చూస్తున్నాను. నీ మాట బిందుమాధవికి కాగితం మీద రాసి చూపించాను. చూపించకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడనిపిస్తోంది. ఆ అమ్మాయి కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వరుసని అలాగే ఉంచి, దాని చుట్టూ ఆకాశం వేద్దామంటోంది. కింద ఇత్తడి రేకు మీద "దేవసహాయం ఆఖరి అక్షరాలు" అని చెక్కిస్తుందట. బొమ్మ పూర్తయిన రోజు నీ చేత తెర తీయిస్తుందట. మైకు కూడా పెడతారట.

ఆదివారం కాలనీ వాళ్ళందర్నీ కూర్చోబెట్టి, ఆ రోజు ఏం జరిగిందో చెప్పమంది. చెప్పాను. వరుస ముగించాడు, దిగుతూ జారాడు అని. నలభై మంది ఉన్నారు. బస్టాండు దగ్గర సోడాబండి పెట్టుకునే వెంకటప్పయ్య కూడా వచ్చాడు. నేను చెబుతుండగా మధ్యలో లేచి వెళ్ళిపోయాడు.

మొత్తానికి నీ కోరిక నెరవేరింది. కార్యక్రమానికి నువ్వు అంత దూరం రాకపోయినా ఫరవాలేదు. జనం, మైకూ, నువ్వు తట్టుకోలేవు. ఆలోచించు.

పున్నారావు


బాపట్ల,
1 సెప్టెంబరు 2025

అన్నయ్య గారికి,

నేను వస్తాను. వార్డెన్ గారిని రెండు రోజులు సెలవడిగాను. ఇన్నేళ్ళలో మార్చి తొమ్మిది తప్ప సెలవడగలేదు గనక ఆవిడ ఆశ్చర్యపోయి, ఎవరిదన్నా పెళ్ళా అంది. మా ఆయన రాతకి తెర తీస్తున్నారని చెప్పాను. చెబుతూ నవ్వాను. అలా జరిగి చాలా కాలమైంది.

ఆ రాత్రి మధ్యలో మెలకువ రాకుండా నిద్రపట్టింది. మాకు పిల్లలు లేరు, ఇల్లు లేదు. ఆయన పేరు ఒకచోట ఉంటుంది కదా అనుకున్నాను.

మైకులో మాట్లాడమంటే ఒక్కటే చెబుతాను. చేసే పని ముగించి పోయాడు, సగంలో వదల్లేదు అని. భూస్థాపన రోజు పాస్టరు గారు కూడా అదే చెప్పారు. నేను పట్టుకుని ఉన్నది ఆ ఒక్క మాటనే.

తేదీ ఖాయమయ్యాక రాయండి.

కృపారాణి


రేపల్లె,
9 సెప్టెంబరు 2025

కృపా,

ఈ ఉత్తరం కూర్చుని చదువు.

ఆ వరుస దేవసహాయం ముగించలేదు. మొదటి మూడు తలకట్లే వాడివి. మిగతాదంతా నేను రాశాను. వాణ్ణి భూస్థాపన చేసిన మూడో రోజున, గోడౌను యజమాని సగం రాతతో గోడ అసహ్యంగా ఉందంటే వచ్చి పూర్తి చేశాను. నువ్వు చూస్తున్న నాలుగో తలకట్టు నాది. వణికింది నా చెయ్యి.

ఇంకొకటి ఉంది. మా పనిలో ఒక కట్టుబాటు. చక్రాల స్టాండు మీద పైనున్నవాడు అందని చోటుకి చెయ్యి చాపకూడదు. కిందవాణ్ణి పిలవాలి. కిందవాడు స్టాండు జరపాలి. గురువు మాకు బ్రష్షు చేతికిచ్చే ముందే ఇది నేర్పాడు. కింద ఉన్నవాడికి చెవులే పని.

అప్పటికి రెండేళ్ళ నుంచీ నాకు చెవులు తగ్గుతున్నాయి. ఎవరికీ చెప్పలేదు. చెప్తే కింద నిలబెట్టరు. మోకాళ్ళ నొప్పితో రోజూ పైకి ఎక్కలేను. పని పోతుందని దాచాను. మనిషి పెదాలు చూసి నెట్టుకొచ్చాను. ఆ రోజు గోడకి వీపు పెట్టి కూర్చుని తెల్లరంగు కలుపుతున్నాను. మూడో తలకట్టు అయ్యాక వాడు నన్ను పిలిచాడు. వెంకటప్పయ్య సోడాబండి దగ్గర్నుంచి విన్నాడు. నాకు వినపడలేదు. వాడు చెయ్యి చాపాడు.

వెంకటప్పయ్య వచ్చి, "పున్నారావూ, నిన్ను పిలిచాడు గదయ్యా" అన్నాడు. కాళ్ళు పట్టుకుంటే ఎవరికీ చెప్పనన్నాడు. నిన్ను ఓదార్చడానికే ముగించి దిగాడని చెప్పానని ఇన్నేళ్ళూ అనుకున్నాను. కాదు. చేతిలో బ్రష్షుతో చెయ్యి చాపి పడ్డాడంటే, కింద ఎవరున్నారు, ఏం చేస్తున్నారు అని ఎవరో ఒకరు అడుగుతారు. అందుకే ముగించాడని చెప్పాను.

నువ్వు మైకులో ఆ మాట చెబుతానని రాయకపోతే ఇది నాతోనే పోయేది. నేను అంత మంచివాణ్ణేం కాదు.

పున్నారావు


రేపల్లె,
25 అక్టోబరు 2025

కృపారాణికి,

నెలన్నర అయింది. నువ్వు రాయవని తెలుసు. గోడ సంగతి చెప్పాలి గనక రాస్తున్నాను.

బిందుమాధవికి నిజం రాసి ఇచ్చాను. చదివింది. రెండు రోజులు నా మొహం చూడలేదు. తర్వాత వచ్చి, ఆ వరుస విషయం ఆవిడే తేల్చాలి మాస్టారూ అని పలక మీద రాసింది. ఇత్తడి రేకు ఆపేసింది. కింద చేనంతా అయిపోయింది. కాలనీ ఆడవాళ్ళు ఆకుపచ్చ ఎనిమిది రకాలు కలిపారు, అవన్నీ చేల్లో ఉంటాయని నాతోనే వాదించారు. పైన ఆకాశం మాత్రం ఆగింది. నువ్వు చెప్పేదాకా ఆ గళ్ళు ఎవరూ ముట్టరు.

పున్నారావు


బాపట్ల,
3 నవంబరు 2025

పున్నారావు గారికి,

ఏమని పిలిచాడు? వెంకటప్పయ్యని అడిగి, ఉన్నదున్నట్టు రాయండి.

కృపారాణి


రేపల్లె,
10 నవంబరు 2025

కృపారాణికి,

ఆ మాట నేను పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు. నిన్న వెంకటప్పయ్య బండి దగ్గరికి వెళ్ళి, నీ ఉత్తరం చూపించాను. అతను నా చేతిలో కాగితం తీసుకుని పెన్సిలుతో రాశాడు. అతను రాసింది రాసినట్టు ఇక్కడ దించుతున్నాను.

"ఒరే పున్నా, కొంచెం జరపరా, ఎండ పడకముందే అయిపోతే ఇంటికెళ్ళి తింటాను, కృప చేపల పులుసు పెట్టింది."

రెండోసారి, "ఒరే పున్నా" అని మాత్రమే అన్నాడట. మూడోసారి పిలవలేదట. కోపంగా లేడని, నవ్వుతూనే పిలిచాడని వెంకటప్పయ్య నొక్కి నొక్కి చెప్పమన్నాడు.

పున్నారావు


బాపట్ల,
20 నవంబరు 2025

పున్నారావు గారికి,

ఆ రోజు చేపల పులుసు పెట్టిన మాట నిజం. సూర్యలంక నుంచి మా తమ్ముడు తెచ్చాడు. ఎవరూ తినలేదు, తర్వాత పక్కింటివాళ్ళు గిన్నె కడిగి ఇచ్చారు. ఆ గిన్నె ఇంకా నా దగ్గర ఉంది. ఆయన ఆఖరి మాట ఏంటో ఎవరూ నాకు చెప్పలేదు. ఏ మాటా అనకుండానే పడిపోయాడనుకున్నాను.

మీ సెప్టెంబరు ఉత్తరం చదివాక నాకు కోపం రావాలి. రావడం లేదు. కూర్చుని చూశాను, వస్తుందేమోనని. ఏడుపూ రాలేదు. రెండు వందల మందికి అన్నం వండాను, గంజి వార్చాను, పడుకున్నాను. ఈ రెండు నెలల పదిరోజులూ ఇంతే. ఆ వరుస ముందు కూర్చుని నాకు కదిలినట్టనిపించింది మీ రాత చూసి అని తెలిశాక, ఆ కదలడం కూడా పోయింది. మీరు నా నుంచి తీసుకున్నది అదే. మిగతాది తెలియక జరిగింది.

గోడ సంగతి రాస్తున్నాను. ఆయనవి మూడే గనక ఆ మూడు తలకట్లూ ఉంచండి. మిగతావన్నీ చెరిపెయ్యండి. మీ చేత్తోనే చెరపండి. పేరు వద్దు, రేకు వద్దు, తెర వద్దు, మైకు వద్దు. పని ముగించాడని ఎవరికీ చెప్పకండి. భోజనానికి వెళ్ళాలనుకుంటూ పోయాడు.

కృపారాణి


రేపల్లె,
16 డిసెంబరు 2025

కృపారాణికి,

నువ్వు చెప్పినట్టే చేశాను. స్టాండు ఎక్కాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు గానీ ఎక్కాను. నేను రాసిన అక్షరాల మీద నేనే రెండు పూతలు ఆకాశం రంగు వేశాను. నాలుగో తలకట్టు, ఐదోది కూడా. 'అంటించరాదు' అంతా పోయింది. ఆ రోజు యజమాని ఇచ్చిన చీటీ మీద ఆ మాట చూసి మేమిద్దరం నవ్వుకున్నాం, అంత ఎత్తున ఎవడంటిస్తాడ్రా అని.

మూడు తలకట్ల చుట్టూ సన్నటి బ్రష్షుతో నీలం నింపాను. రెండు గంటలు పట్టింది. దేవసహాయం ఒక్కోటి ఒక్క విసురులో పెట్టినవి.

స్టాండు దిగి చూస్తే కాలనీ పిల్లలు గోడకేసి చెయ్యెత్తి చూపిస్తున్నారు. బిందుమాధవి పలక మీద రాసి చూపించింది. కొంగలట. చేను మీద మూడు తెల్ల కొంగలు ఎగురుతున్నాయంటున్నారట. కాదని చెప్పనా అని అడిగింది. వద్దన్నాను.

ఆదివారంతో బొమ్మ ముగుస్తుంది. నేను తెనాలి వెళ్ళిపోతాను. నీకు ఇక రాయను. రాసే అర్హత లేదు.

పున్నారావు


బాపట్ల,
29 డిసెంబరు 2025

అన్నయ్య గారికి,

క్రిస్మస్ సెలవులకి పిల్లలందరూ ఇళ్ళకి పోయారు, వంట లేదు. నిన్న ఆరాధన అయ్యాక రేపల్లె బస్సెక్కాను. మార్చి కాకుండా వేరే నెలలో వెళ్ళడం ఇదే మొదటిసారి.

ఎప్పుడూ కూర్చునే బల్ల మీదే కూర్చున్నాను. బొమ్మ బాగుంది. ఆకుపచ్చలు నిజంగానే ఎనిమిది ఉన్నాయి. పక్కన కొల్లూరు అరటిగెలలు వేసుకుని కూర్చున్న ఒకావిడ, "చూశావా అక్కా, కొంగలు ఎంత చక్కగా పోతున్నాయో" అంది. అవునమ్మా అన్నాను. వెంకటప్పయ్య నన్ను గుర్తుపట్టి సోడా కొట్టి ఇచ్చాడు. తాగాను.

మిమ్మల్ని క్షమించానని రాయడం లేదు. క్షమించలేదనీ రాయడం లేదు. వెతికితే నాలో రెండూ కనపడలేదు. కానీ ఆ మూడింటినీ చూశాక నా చూపు దానంతట అదే పక్కకి పోయింది, నాలుగోది ఉండే చోటికి. అక్కడ ఏమీ లేదు. ఖాళీ ఆకాశం. అరగంట సేపూ ఆ ఖాళీనే చూస్తూ కూర్చున్నాను. పదకొండేళ్ళు నేను చూసింది దాన్నే కదా అన్నయ్య గారూ. అది లేకపోయేసరికి కళ్ళు నీళ్ళు పెట్టుకున్నాయి. అరటిగెలలావిడ కంగారుపడి కొంగు ఇచ్చింది.

నాలుగోది చెరపమని నేనే రాశాను. తప్పు రాశాను. వెళ్ళి మళ్ళీ పెట్టండి. సరిచేసి పెట్టకండి, వంకరగానే పెట్టండి.

కింద బాగా వినపడేవాళ్ళని నిలబెట్టుకోండి. అందకపోతే చెయ్యి చాపకండి. పిలవండి.

కృపారాణి